సైసు కొనని టికెట్

ఉంగరాలాయన వచ్చి బల్ల మీద అరచేత్తో చరిచాడు. గ్లాసులన్నీ ఎగిరాయి. ఒకటి కింద పడి పగిలింది.

“ఒరే సైసూ, నా కొంప ముంచావు కదరా!”

బల్లకు ఇవతల టీ వడకడుతున్న పెద్దమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లాసు పగిలినందుకు కాదు, తన కొట్టు ముందు నిలబడి తన మరిదిని ‘ఒరే’ అన్నందుకు. మరిదిని నోటికొచ్చినట్టు అనే హక్కు ఈ భూమ్మీద ఒక్క మనిషికే ఉంది, ఆ మనిషి ఆమే. గరిటె ఎత్తింది కూడా. బల్ల చివర కూర్చుని బన్ను టీలో ముంచుకుంటున్న సైసు తల ఎత్తకుండానే అన్నాడు.

“ఉండు వదినా. నువ్వు పొయ్యి చూసుకో.”

ఉంగరాలాయనంటే ఆ గుర్రప్పందేల మైదానంలో తెలియనివాళ్ళు లేరు. వేలికో ఉంగరం, మాటకో బూతు. పందెం గెలిస్తే తన తెలివి, ఓడితే ఎదుటివాడి మోసం అనుకునే రకం.

“నిన్న పొద్దున నీ గుర్రం ఎలా ఉందని అడిగానా, లేదా?”

“అడిగారు.”

“బాగుందన్నావా, లేదా?”

“అన్నాను.”

“మరి చివర్న ఎందుకొచ్చింది? నీ మాట పట్టుకుని దాని మీద కాశాను! గుర్రాన్ని కడిగేవాడే బాగుందన్నాక ఇంకెవర్నడగాలి? వీధిలో కుక్కనడగాలా?”

టీ తాగడానికి వచ్చినవాళ్ళు, తాగి వెళ్ళిపోవలసినవాళ్ళు, అసలు టీ అలవాటే లేనివాళ్ళు అందరూ చుట్టూ మూగారు. తగాదాకు టికెట్ లేదు కదా. సైసు నోట్లో ముక్క నిదానంగా నమిలి మింగి, మూతి తుడుచుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

“అయ్యా, మీ అమ్మగారు ఎలా ఉన్నారు?”

“మా అమ్మ సంగతి ఇప్పుడెందుకురా?”

“ఊరికే. ఎలా ఉన్నారు?”

“బాగానే ఉంది. అయితే?”

“బాగున్నారు కదా. పరుగు పందెంలో నిలబెడితే మొదట వస్తారంటారా?”

టీ గుక్క పట్టినవాడెవడికో పొలమారింది. అక్కడినుంచి నవ్వు అంటుకుంది. ఉంగరాలాయన కందగడ్డలా అయిన ముఖంతో నోరు తెరిచి, “ఆవిడకి మోకాళ్ళ నొప్పులు” అన్నాడు. అనేశాక తనన్న మాట తనకే వినబడి, బిగపట్టుకోలేక తనూ నవ్వేశాడు.

“మా గుర్రానికీ ఏదో ఉండే ఉంటుందయ్యా. మీ అమ్మగారు మీకు చెప్పుకున్నట్టు అది నాకు చెప్పుకోలేదు” అన్నాడు సైసు.

పగిలిన గ్లాసు డబ్బులు పెద్దమ్మ ముక్కు పిండి వసూలు చేసింది.

ఆ తగాదాను ఆమె ఆ తర్వాత ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఉంగరాలాయన గొంతు ఇంకాస్త పెద్దదైంది, గ్లాసులు ఇంకో నాలుగు పగిలాయి. ఆమె ఎవరికీ చెప్పనిది ఒకటుంది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక గ్లాసులు కడగడానికి సాయం కూర్చున్న సైసు ముఖంలో గెలిచిన కళ లేదు.

“ఒక్క ‘బాగుంది’ అన్న మాటకి మనిషి డబ్బు పోగొట్టుకున్నాడు వదినా.”

“పోతే పోనీ. వాడి ఉంగరాల్లో ఒకటి అమ్ముకుంటాడు.”

“వాడు కాబట్టి సరిపోయింది. రేపు లేనివాడు అడుగుతాడు. వాడికీ బాగుందనే చెప్తాను, నిజంగా బాగుంటే మరేం చెప్తాను?”

ఆనాటినుంచి అతని నోటివెంట గుర్రం గురించి మాట రాలేదు. “గుర్రం ఎలా ఉంది సైసూ?” అని ఎవరడిగినా ఆకాశం వంక చూసి, “మబ్బు పట్టేలా ఉంది” అనేవాడు. మండుటెండలో కూడా అదే మాట. పిచ్చివాడనుకున్నారు కొందరు. పెద్దమ్మకు మాత్రం లోలోపల గర్వంగా ఉండేది. పైకి, “నోట్లో నాలుక ఉందా, గుర్రం తినేసిందా?” అనేది.

సైసు అంటే గుర్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు. తెల్లవారకముందే శాలలోకి వెళ్ళి పేడ తీసి, గడ్డి మార్చి, ఒళ్ళు రుద్ది, కాళ్ళు తడిమి చూసి, దాణా పెట్టి, పరుగు సాధనకు పంపి, తిరిగొచ్చాక చెమట ఆరేదాకా పగ్గం పట్టుకుని తిప్పాలి. పందెం గెలిస్తే ఫోటోలో గుర్రం యజమాని ఉంటాడు, జాకీ ఉంటాడు, శిక్షణ ఇచ్చినాయన ఉంటాడు. సైసు ఉంటే పగ్గం పట్టుకున్న చెయ్యి వరకే ఉంటాడు. పెద్దమ్మ గోడ మీద అలాంటి ఫోటో ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో ఆ చెయ్యి తన మరిదిదని ఆమె అడగనివాళ్ళకు కూడా చెబుతుంది.

శాలలో పనిచేసేవాళ్ళు పందెం కాయకూడదని ఆ మైదానం నిబంధన. కాసి దొరికితే పనీ పోతుంది, పరువూ పోతుంది. దొంగచాటుగా మేనల్లుళ్ళ చేతా, బామ్మర్దుల చేతా కాయించేవాళ్ళు లేకపోలేదు. సైసు ఆ జోలికి పోలేదు. అతను పనిలో చేరిన నాటినుంచి వదిన కొట్టు తప్ప మైదానం వెనకవైపు మాత్రమే చూశాడు. శాలలు, నీళ్ళ తొట్లు, గుర్రాలు లోపలికీ బయటికీ వచ్చే దారి. ముందువైపు జనం పందెం ఎలా చూస్తారో, టికెట్ ఎలా కొంటారో, గెలిచినవాడు ఎలా ఎగురుతాడో అతనికి తెలియదు.

పెద్దమ్మ సంగతి ఇంకా వింత. జనం కూర్చునే మెట్ల కిందనే ఆమె కొట్టు. పందెం జరిగినప్పుడల్లా నెత్తిమీద పైకప్పు దడదడలాడుతుంది. ఆ చప్పుడు బట్టి, అందరూ నమ్మిన గుర్రం గెలిచిందో, ఎవరూ అనుకోనిది ముందుకొచ్చిందో పాలు పొంగకుండా ఊదుతూనే చెప్పేస్తుంది. వేల పందేలు విన్నది, ఒక్కటీ చూడలేదు. పందెం అయిన మరుక్షణం జనం టీకి ఎగబడతారు, అప్పుడు కొట్టు వదిలితే ఎలా? మొగుడు పోయినప్పుడు కూడా మూడోవారానికి పొయ్యి వెలిగించిన మనిషి ఆమె. ఆ పొయ్యికి నీళ్ళు మోసుకొచ్చింది మరిది. అప్పటినుంచి రోజూ అతనే మోస్తున్నాడు.

“పెళ్ళి చేసుకోరా, నీకూ ఓ గూడు ఉంటుంది” అని ఆమె పోరని రోజు లేదు ఒకప్పుడు.

“గుర్రమైతే తన్నేముందు చెవులు వెనక్కి వేసి చెబుతుంది వదినా. మీ ఆడవాళ్ళు అది కూడా చెప్పరు.”

“నీకు తన్ను తగలాల్సిందేరా. ఏ వైపునుంచైనా సరే.”

వయసు మీదపడ్డాక సైసు చేతికి వచ్చిన ఆఖరి గుర్రం ఒక గోధుమరంగు ఆడగుర్రం. రేసు పుస్తకంలో దానికి మూరెడు పొడుగు పేరు. ఆ పేరు పలకడం సైసుకు రాదు, పెద్దమ్మకు అంతకన్నా రాదు. అతను దాన్ని ‘అమ్మడు’ అని పిలిచేవాడు. కుర్రతనంలో రెండు మూడు పందేలు గెలిచింది. తర్వాత మెల్లగా వెనకబడి, నడుమకు వచ్చి, నడుమనుంచి తోకకు వచ్చింది. అయినా సైసు దాన్ని గెలుపు గుర్రంలాగే తోమేవాడు. ఒళ్ళు అద్దంలా మెరిసేది, జూలు చిక్కు లేకుండా జారేది.

“గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నావురా” అనేది పెద్దమ్మ.

“గుడ్డిది కాదు వదినా. నీ బన్నుల బుట్ట ఎక్కడుందో దానికి కనిపిస్తూనే ఉంది.”

నిజమే. తెల్లవారుతూనే గుర్రాలు సాధనకు వెళ్ళే దారి ఆమె కొట్టు వెనకనుంచే. అమ్మడు అక్కడికి రాగానే ఆగి కిటికీలోకి మూతి పెట్టేది. పెద్దమ్మ, “ఛీ పో, నీ మూతి మండ! నా సరుకంతా నీ చొంగేనా?” అని ఇల్లెగిరిపోయేలా అరిచేది. అరుస్తూనే విరిగిన బిస్కెట్లు అరచేతిలో పెట్టి చాచేది. అది తిని, ఆ అరుపు పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడేది. అరవకుండా ఊరుకుంటే చెవులు అటూ ఇటూ తిప్పి వెతికేది.

సైసుకు మోకాళ్ళు వంగడం మానేశాయి. వంగి గుర్రం డెక్క ఎత్తలేనివాడికి శాలలో ఏం పని? ఒకరోజు బ్రష్షు, పగ్గం, శాలలోకి వెళ్ళే పాసు అప్పగించి వచ్చాడు. శాల మేస్త్రీ భుజం తట్టాడట. అంతే. అమ్మడిని కొత్త సైసుకు అప్పగించారు. మంచి కుర్రాడే, దాని ఒళ్ళు ఎక్కడ గోకితే మెడ చాస్తుందో అడిగి తెలుసుకున్నాడు. అది చెప్పి వచ్చి సైసు బల్ల చివర కూర్చున్నాడు. పెద్దమ్మ ఆ పూట టీలో చక్కెర ఎక్కువ వేసింది.

కొన్నాళ్ళకు అతను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

“ఏంటీ వేషం? పిల్లను చూడ్డానికా?”

“పందెం కాద్దామని వదినా.”

ఆమె గిన్నె దించి అతన్ని ఎగాదిగా చూసింది.

“ఇప్పుడు నేను శాలవాణ్ణి కాను. పాసు ఇచ్చేశాను, అడిగి కూడా వచ్చాను. అందరిలాగా నేనూ గేటు టికెట్ కొనుక్కుని, టికెట్ కిటికీ దగ్గర పందెం కాయొచ్చట. ఒక్కసారి అమ్మడి మీద కాస్తాను.”

“అది గెలుస్తుందా?”

సైసు అలవాటు కొద్దీ ఆకాశం వంక చూశాడు. తర్వాత వదినే కదా అనుకున్నాడో ఏమో, “గెలవదు” అన్నాడు.

“గెలవదని తెలిసి కాసేవాణ్ణి నిన్నే చూశాను.”

“గెలవడానికి కాదు వదినా. ఇన్నేళ్ళు దాన్ని పంపేటప్పుడు, జనంలో ఎవడో ఒకడు దీని టికెట్ జేబులో పెట్టుకుని చూస్తుంటాడు కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరూ కొనడం లేదు. బోర్డు మీద దాని నంబరు పక్కన ఎవరికీ అక్కర్లేని గుర్రమని అంకెలే చెప్పేస్తున్నాయట. నేను కొనకపోతే ఇంకెవరు కొంటారు?”

పెద్దమ్మ గరిటె కింద పెట్టింది. చదువు లేకపోతేనేం, పని ఎవరికి తెలుసో వాళ్ళనే అడగాలన్న తెలివి ఆమెకు ఉంది. మరిదిని వెంటబెట్టుకుని టికెట్ కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల రోజూ ఆమె దగ్గరే టీ తాగుతుంది.

“అమ్మాయ్, మావాడికి పందెం కాయడం నేర్పు.”

“ఈయనకా? బాబాయ్‌కి నేను నేర్పాలా?” ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

“గుర్రాన్ని అడిగితే తోకనుంచి మూతిదాకా చెబుతాడు. నీ కిటికీ సంగతి వాడికేం తెలుసు? నవ్వకుండా చెప్పు.”

ఆ పిల్ల చెప్పింది. టికెట్ కిటికీ దగ్గరే కొనాలి. గేటు బయట నిలబడి, ‘నాకివ్వు, కిటికీ కన్నా ఎక్కువిస్తాను’ అనేవాళ్ళ చేతిలో పైసా పెట్టకూడదు. అది చట్టం ఒప్పుకునే పందెం కాదు, గెలిచినా వాడు కనబడడు, కనబడినా నీకు అడిగే నోరుండదు. కిటికీ దగ్గరికి వచ్చాక ఎన్నో పందెం, ఎన్నో నంబరు గుర్రం చెప్పాలి. పేరు అక్కర్లేదు, నంబరు చాలు. అది మొదటే వస్తుందని కాస్తే విన్, ముందున్నవాటిలో ఒకటిగా వస్తే చాలనుకుంటే ప్లేస్. తర్వాత ఎంత కాస్తావో. టికెట్ చేతికి రాగానే కిటికీ దగ్గరే చదువుకోవాలి, తప్పుంటే అక్కడే చెప్పాలి. పందెం అయిపోయింది కదా అని చింపి పారేయకూడదు, ఫలితం ఖాయమని బోర్డు మీద వేసేదాకా దాచుకోవాలి. అన్నిటికన్నా ముందు, పోయినా ఇంట్లో పొయ్యి ఆరని డబ్బే తేవాలి.

పెద్దమ్మ ఒక్కో మాటా గొణుక్కుంటూ మళ్ళీ చెప్పుకుంది. ఆ రోజునుంచి ఎవరైనా కొత్తవాళ్ళు టీకి వస్తే పుట్టినప్పటినుంచీ తెలిసినదానిలా అదంతా వాళ్ళకు అప్పజెప్పడం మొదలుపెట్టింది. అలా ఆమె దగ్గర నేర్చుకున్న మొదటివాడు ఒక దర్జీ. పక్క వీధిలో కొత్తగా కుట్టు కొట్టు పెట్టినవాడు, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చాడు. జీవితంలో ఒకసారి పందెం చూద్దామని వచ్చానన్నాడు. పెద్దమ్మ చెప్పిందంతా తల ఊపుతూ విని, “కిటికీ దగ్గరే కొంటాను పెద్దమ్మా” అని బడిపిల్లవాడిలా ఒప్పజెప్పి వెళ్ళాడు.

ఆ రోజే సైసు వరుసలో నిలబడ్డాడు. చొక్కా జేబు మీద చెయ్యి తీయలేదు. పెద్దమ్మ కొట్టులోంచి మెడ సాచి చూస్తూ ఉంది. ముందు అంతా బాగానే నడిచింది. తర్వాత ఎవడో గుర్తుపట్టాడు.

“అడుగో, సైసు! సైసు పందెం కాస్తున్నాడు!”

మాట వరుస పొడుగునా పాకింది. పక్క కిటికీల దగ్గరున్నవాళ్ళు వరుసలు వదిలి అతని వెనక చేరారు. ఉంగరాలాయన ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, సరిగ్గా అతని భుజం వెనక నిలబడి చెవి ముందుకు వంచాడు. ఎప్పుడూ గోలగోలగా ఉండే ఆ చోట అంత నిశ్శబ్దం పెద్దమ్మ ఎన్నడూ వినలేదు. సైసు కిటికీ దగ్గరికి చేరాడు.

“ఎన్నో నంబరు బాబాయ్?”

సైసు వెనక్కి తిరిగి చూశాడు. అన్ని ముఖాలూ తన నోటి వైపే ఉన్నాయి. ఆ ముఖాల మధ్య మెడలో టేపు వేసుకున్న దర్జీ కూడా ఉన్నాడు. గెలవదని తెలిసిన గుర్రం నంబరు అతని నాలుక చివర ఉంది. అది బయటపడితే వీళ్ళందరూ అదే నంబరు అరుస్తారు.

“ఇక్కడ... టీ ఎక్కడ దొరుకుతుందమ్మా?” అన్నాడు.

ఆ పిల్ల బిత్తరపోయి వేలితో చూపించింది. సైసు వరుసలోంచి బయటపడి నేరుగా వదిన కొట్టుకు వచ్చి కూర్చున్నాడు.

“రోజూ తాగి ఏడ్చే చోటు ఎక్కడో తెలియదా నీకు?” అంది పెద్దమ్మ.

“నోటికి అదే వచ్చింది వదినా.”

అక్కడితో ఆగి ఉంటే నవ్వుకునే సంగతే అయ్యేది. కానీ పందెం పిచ్చి ఉన్నవాడికి గాలి వీచినా గుర్రం పేరే వినబడుతుంది. సైసు అంతటివాడు కిటికీ దగ్గరికి వచ్చి టీ అన్నాడంటే ఊరికే అంటాడా? అది సైగ! టీ రంగు గుర్రం ఏది? మూడో నంబరు! ఉంగరాలాయన తొడ కొట్టి మూడు మీద కాశాడు. వెనకే మందంతా కాసింది. వదినామరుదులు ఏమీ తెలియకుండా టీ తాగుతుండగా నెత్తిమీద కప్పు ఒక్కసారి దడదడలాడి, సగంలో చల్లారింది.

“అందరూ నమ్మింది పోయింది” అంది పెద్దమ్మ పాలు కలుపుతూ.

సంగతి తెలిసింది జనం టీకి వచ్చాకే. ఉంగరాలాయన కళ్ళతోనే మింగేసేలా చూసి, వాళ్ళ అమ్మ గుర్తొచ్చిందో ఏమో, ఏమీ అనకుండా పోయాడు. చివర్న దర్జీ వచ్చాడు. టికెట్ ఇంకా చేతిలోనే ఉంది, పారేయకూడదని పెద్దమ్మ చెప్పింది కదా. అన్నీ ఆమె చెప్పినట్టే చేశాడు. కిటికీ దగ్గరే కొన్నాడు, అక్కడే చదువుకున్నాడు, దాచుకున్నాడు. ఆ ఒక్క నంబరు మాత్రం సైసు ముఖంలో చదువుకున్నాడు.

సైసు లేచి నిలబడ్డాడు. “నేను ఏ గుర్రం పేరూ చెప్పలేదు తమ్ముడూ.”

“చెప్పలేదన్నా. నేనే అనుకున్నాను. నీ తప్పేముంది?” అని దర్జీ నవ్వడానికి చూశాడు. “కొత్త కత్తెర కొందామనుకున్నాను. పాతదానికి సాన పట్టిస్తే సరి.”

అతను టీకి డబ్బులివ్వబోతే పెద్దమ్మ తీసుకోలేదు. ఆమె చరిత్రలో ఎవరికీ ఊరికే టీ పోసింది లేదు. ఎవరికీ చెప్పొద్దని దర్జీ చేత ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత సైసు టికెట్ కిటికీల వైపు అడుగుపెట్టలేదు. ఉంగరాలాయన అరుపుకు జవాబు దొరికింది గానీ దర్జీ నవ్వుకు దొరకలేదు. నోరు మూసుకుంటే చాలు, తన మాట శుభ్రంగా ఉంటుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు నోరు మూసుకున్నా మాట పుడుతోంది. పెద్దమ్మ తన పద్ధతిలో ఓదార్చింది.

“తుమ్మితే నాలుగో నంబరు, దగ్గితే ఐదో నంబరు అనుకునే వెధవల కోసం నువ్వు ఊపిరి కూడా మానేస్తావా?”

“వాళ్ళు వెధవలు కారు వదినా. నన్ను నమ్మారు.”

ఆమె వెనక్కి తిరిగి పొయ్యిని తిట్టింది.

పందేల కాలం ముగింపుకు వచ్చింది. చివరి రోజు పొద్దున్నే, ఇంకా జనం రాకముందు, సైసు నీళ్ళ డబ్బా దించి, వెళ్ళిపోకుండా నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు, ఇస్త్రీ చొక్కా లేదు.

“చెప్పు. కడుపులో పెట్టుకుని తిరగకు, అజీర్తి చేస్తుంది” అంది పెద్దమ్మ.

“అమ్మడికి ఇవాళే ఆఖరి పందెం. రేపు పొద్దున బండి ఎక్కిస్తున్నారు. ఎక్కడో దూరంగా పిల్లలకి స్వారీ నేర్పే చోటుందట, అక్కడికి. మంచి చోటేనట. మెత్తగా నడిస్తే చాలట.”

“మంచిదే కదా. నీ మోకాళ్ళకీ అలాంటి చోటేదైనా ఉంటే చూడాలి.”

సైసు నవ్వలేదు. బల్ల మీద తడిని చేత్తో తుడిచాడు. “పందెం అయ్యాక అది లోపలికి వచ్చే దారి దగ్గర కంచె బయట నిలబడమన్నాడు కొత్త సైసు. పగ్గం ఒక్క నిమిషం చేతికిస్తానన్నాడు. అందుకని నేను అక్కడ ఉండాలి. ముందువైపు ఉండలేను. ఉన్నా, కిటికీ దగ్గరికి వెళ్ళలేను. నా వెనక ఇంకో దర్జీ ఉంటాడు.”

“అయితే?”

“నువ్వు కొను వదినా.”

పెద్దమ్మ గరిటెతో సహా వెనక్కి తిరిగింది. “నేనా? పందెమా? మతి ఉండే మాట్లాడుతున్నావా? నీ వదిన కాసిందంటే నువ్వు చెప్పావనే అనుకుంటారు అందరూ.”

“ఆలోచించాను. ముందే వెళ్ళొద్దు. గుర్రాలు పరుగు మొదలెట్టే గేట్ల దాకా చేరనివ్వు, కిటికీ మూసేముందు వెళ్ళు. అప్పుడెవరికీ పరుగెత్తి వచ్చి కాసే తీరికుండదు. తొమ్మిదో నంబరు, విన్. అన్నిటికన్నా చిన్న టికెట్ చాలు. ఇవిగో డబ్బులు, నావే.”

“గెలవని దానికి విన్ ఎందుకురా? కనీసం ప్లేస్ కొనమను.”

“ఆఖరిరోజు దాన్ని మొదట వస్తావనే పంపాలి వదినా.”

ఆమె డబ్బులు తీసుకోలేదు, వద్దనలేదు. అవి బల్ల మీద ఇద్దరి మధ్యా ఉన్నాయి. పొయ్యి మీద నీళ్ళు మరగడం మొదలైంది.

“సరే, కొన్నాననుకో. తెచ్చి నీ చేతిలో పెడితే చాలా?”

“చాలదు.” సైసు మొహమాటంగా మెడ గోక్కున్నాడు. “టికెట్ పట్టుకుని ముందువైపు, జనం నిలబడే కంచె దాకా వెళ్ళు. ఎప్పుడూ చూడలేదు కదా నువ్వు, చూడు. కొట్టు ఆ కాసేపు మూసెయ్.”

“జనం టీకి ఎగబడే వేళ కొట్టు మూసి నేను కంచె పట్టుకు వేలాడాలా? వేలాడి ఏం చెయ్యాలి?”

“అరవాలి.”

“ఏమిటీ?”

“ముందున్న గుర్రాలకి అరిచేవాళ్ళు బోలెడుమంది ఉంటారు వదినా. వెనకున్నదానికి ఎవరూ ఉండరు. ఊరికే అరిస్తే పిచ్చిదనుకుంటారు, చేతిలో టికెట్ ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు. అది మలుపు తిరిగి ఇటువైపు వచ్చేసరికి ఆ జనంలో దానికి తెలిసిన గొంతు ఒక్కటి వినబడాలి. మంచి మాటలు వెతుక్కోకు, వాటికి అది అలవాటు పడలేదు. రోజూ కిటికీలోంచి ఎలా తిడతావో అలాగే తిట్టు.”

పెద్దమ్మ అతని ముఖంలోకి చూసింది. మరిగిన నీళ్ళు పొయ్యి మీద పొంగి చిందాయి, ఎవరూ కదలలేదు.

“అది చివర్న వచ్చినా సరే,” అన్నాడు సైసు, “గీత దాటేదాకా ఆపకు వదినా.”